వైద్య గోప్యత - తార్కిక ప్రశ్న

వైద్య గోప్యత అనగా చికిత్స సందర్భంగా రోగిని గురించి తెలిసిన విషయాలను రోగి అనుమతి లేనిదే ఇతరులకు వెల్లడించకుండా ఉండవలసిన వైద్యుని బాధ్యత. వైద్య నీతిలోను, న్యాయశాస్త్రంలోను ఇది ప్రధానమైన నియమం. ఈ నియమానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నియమం ఎక్కడ ముగుస్తుంది, మినహాయింపు ఎక్కడ మొదలవుతుంది అన్నది తేల్చడానికి జాగ్రత్తగా ఆలోచించవలసి ఉంటుంది కనుక, తార్కిక వివేచనను పరీక్షించే ప్రశ్నలకు ఈ అంశం బాగా అనుకూలిస్తుంది. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో ప్రవేశానికి నిర్వహించే క్లాట్ పరీక్షలో ఒక సూత్రాన్ని, కొన్ని వాస్తవాలను ఇచ్చి, ఆ సూత్రం ప్రకారం ఫలితమేమిటో చెప్పమనే ప్రశ్నలు చాలాకాలం ఉండేవి. 2020 నుండి ప్రశ్నల రూపం మారి, పెద్ద పేరాలు చదివి సమాధానాలు ఇచ్చే పద్ధతి వచ్చింది. కాని ఆలోచించవలసిన తీరు మారలేదు.

ఈ వ్యాసంలో అటువంటి ప్రశ్న ఒకటి విశ్లేషించబడింది. ఇంచుమించు ఇదే సమస్య భారత సుప్రీంకోర్టు ముందుకు 1998లో ఒకసారి, 2002లో మరొకసారి వచ్చింది. విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఆ మొదటి తీర్పులో కూడా కనిపించడం విశేషం.

నియమం, మినహాయింపులు

రోగి రహస్యాన్ని కాపాడాలనే నియమం ప్రాచీనమైనది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట ప్రసిద్ధమైన ప్రమాణంలో ఇది ఉంది. చరకసంహిత విమానస్థానంలో గురువు శిష్యునికి చేసే ఉపదేశంలో కూడా, రోగి ఇంటిలో చూసిన విషయాలను బయట చెప్పరాదని ఉంది. ప్రపంచ వైద్య సంఘం 1948లో ఆమోదించిన జెనీవా ప్రకటన ఈ నియమాన్ని ఆధునిక కాలానికి తెచ్చింది. 1968లో సవరించినప్పుడు, రోగి మరణించిన తరువాత కూడా రహస్యాన్ని కాపాడాలన్న మాటను చేర్చారు. ఈ ప్రమాణాలన్నింటిలోను నియమం గట్టిగా ఉంది కాని, ఎప్పుడు చెప్పవచ్చునో విడమరచిన జాబితా లేదు.

భారతదేశంలో ఆ జాబితా భారతీయ వైద్య మండలి 2002లో జారీ చేసిన వృత్తి ప్రవర్తనా నిబంధనలలోని 7.14వ నిబంధనలో ఉంది. (2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించింది గాని, అదే నెలలో వాటిని నిలిపివేసి 2002 నాటి నిబంధనలనే తిరిగి అమలులోకి తెచ్చింది.) దాని ప్రకారం వృత్తిలో తెలిసిన రోగి రహస్యాలను వైద్యుడు మూడు సందర్భాలలో తప్ప వెల్లడించరాదు. మొదటిది, న్యాయస్థానంలో న్యాయాధికారి ఆదేశించినప్పుడు. రెండవది, ఒక నిర్దిష్ట వ్యక్తికి గాని సమాజానికి గాని తీవ్రమైన, గుర్తించబడిన ముప్పు ఉన్నప్పుడు. మూడవది, ప్రభుత్వానికి తెలియజేయవలసినవిగా ప్రకటించబడిన వ్యాధుల విషయంలో.

ఈ నిబంధనలో "తప్ప" అనే మాట కీలకమైనది. "ఆదివారం తప్ప సెలవు తీసుకోరాదు" అన్నంత మాత్రాన ఆదివారం సెలవు తీసుకొని తీరాలని అర్థం కాదు. ఆ రోజుకు నిషేధం వర్తించదని మాత్రమే అర్థం. అదే విధంగా మొదటి రెండు మినహాయింపులు నిషేధాన్ని తొలగిస్తున్నాయే తప్ప తమంతట తాము ఆజ్ఞాపించడం లేదు. న్యాయస్థానంలో వైద్యుడు చెప్పి తీరవలసి రావడానికి కారణం ఈ నిబంధన కాదు, న్యాయాధికారి ఇచ్చే ఆదేశం. న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య జరిగిన సంభాషణకు సాక్ష్య చట్టంలో ఉన్నటువంటి రక్షణ భారతదేశంలో వైద్యునికి, రోగికి మధ్య సంభాషణకు లేదు. మూడవ మినహాయింపు సంగతి వేరు. అంటువ్యాధులు, ప్రకటిత వ్యాధుల విషయంలో ప్రజారోగ్య అధికారులకు వెంటనే తెలియజేయాలని అదే నిబంధన చివర స్పష్టంగా ఉంది. అంటే ఒకే నిబంధనలో "చెప్పవచ్చు" అనేది ఒక చోట, "చెప్పాలి" అనేది మరొక చోట ఉన్నాయి. పైపైన చదివేవారికి ఈ రెండూ ఒకటిగా కనబడతాయి.

ప్రశ్న

సూత్రం: వైద్యుడు తన రోగి రహస్యాన్ని మూడవ వ్యక్తికి వెల్లడించరాదు. అయితే ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ముప్పు ఉన్నదని వైద్యునికి సహేతుకంగా తోచినప్పుడు, ఆ ముప్పును నివారించడానికి అవసరమైనంత మేరకు ఆ వ్యక్తికి వెల్లడించవచ్చు.

వాస్తవాలు: రోగికి రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా మాత్రమే సోకే ఒక వ్యాధి ఉన్నదని పరీక్షలో తేలింది. అతనికి ఒక యువతితో వివాహం నిశ్చయమైంది. ఈ సంగతి ఆమెకు చెప్పమని వైద్యుడు పలుమార్లు సూచించినా రోగి అంగీకరించలేదు. వివాహానికి వారం రోజుల ముందు వైద్యుడు ఆ యువతికి విషయం తెలియజేశాడు. ఆ తరువాత రోగి పనిచేసే కార్యాలయపు యజమాని ఫోను చేసి అడగగా, ఆయనకు కూడా చెప్పాడు.

ఈ క్రింది వాటిలో సూత్రాన్ని సరిగా అన్వయించినది ఏది?

(అ) రహస్యాన్ని ఎవరికీ వెల్లడించరాదు కనుక రెండు సందర్భాలలోను వైద్యుడు నియమాన్ని ఉల్లంఘించాడు.

(ఆ) యువతికి చెప్పడం అనుమతించబడింది. ఒకరికి తెలిసిన పిదప అది రహస్యం కాదు కనుక యజమానికి చెప్పడం కూడా ఉల్లంఘన కాదు.

(ఇ) యువతికి చెప్పడం ఉల్లంఘన కాదు. యజమానికి చెప్పడం ఉల్లంఘన.

(ఈ) యువతికి చెప్పకపోయి ఉంటే వైద్యుడు నియమాన్ని ఉల్లంఘించినవాడయ్యేవాడు. యజమానికి చెప్పడం ఉల్లంఘన.

సరైన సమాధానం (ఇ).

సమాధానాల పరిశీలన

(అ) సులభంగానే తొలగిపోతుంది. సూత్రంలోని మొదటి వాక్యాన్ని చదివి, "అయితే" దగ్గర ఆగిపోయినవారు దీనిని ఎంచుకుంటారు.

(ఆ) కొంత ఆలోచింపజేస్తుంది. రహస్యం ఆరు చెవుల పడితే నిలవదని లోకంలో సామెత ఉంది. కాని అది రహస్యాలు ఎలా బయటపడతాయో చెప్పే మాట, ఎవరికి చెప్పవచ్చునో నిర్ణయించే నియమం కాదు. సూత్రం ప్రకారం వెల్లడి చేసిన ప్రతిసారీ దానికి ప్రత్యేకమైన సమర్థన ఉండాలి. ముప్పు ఎదుర్కొంటున్న "ఆ వ్యక్తికి" అని, "అవసరమైనంత మేరకు" అని సూత్రంలో రెండు హద్దులు ఉన్నాయి. వ్యాధి రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా మాత్రమే సోకుతుందని వాస్తవాలలో చెప్పినది ఊరకనే కాదు. ఒకే గదిలో కూర్చుని పనిచేసినందువలన యజమానికి గాని తోటి ఉద్యోగులకు గాని ముప్పు లేదని విద్యార్థి గ్రహించడానికే ఆ వివరం ఇవ్వబడింది. యజమానికి కలిగినది ఆసక్తి, లేదా భయం. ఆ రెండూ ముప్పుతో సమానం కావు.

అసలు చిక్కు (ఈ)లో ఉంది. దానిలోని రెండవ వాక్యం పూర్తిగా సరైనది. మొదటి వాక్యం కూడా మనసుకు సబబుగానే తోస్తుంది. ఏమీ ఎరుగని ఒక యువతి ప్రమాదంలో పడబోతుంటే తెలిసి కూడా మౌనంగా ఉన్న వైద్యుడు తప్పు చేసినట్లే అని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం నీతి దృష్టితో సరైనదే కావచ్చు. కాని ఇచ్చిన సూత్రం నుండి అది రాదు. సూత్రంలో ఉన్నది "వెల్లడించవచ్చు" అని, "వెల్లడించాలి" అని కాదు. చదివేవారు తమ నైతిక భావనను సూత్రంలోనికి చొప్పించి, ఆపైన దానిని సూత్రం నుండే రాబట్టినట్లు భ్రమపడతారు. ఇటువంటి ప్రశ్నలను తయారుచేసేవారు సాధారణంగా ఎర వేసేది ఇక్కడే.

చేయరాదు, చేయవచ్చు, చేయాలి

తర్కశాస్త్రంలో కర్తవ్యాలను గురించిన వాక్యాలను నిషేధం, అనుమతి, విధి అని మూడు రకాలుగా చెబుతారు. వీటి మధ్య సంబంధం సరళమైనదే. ఒక పని విధి అయితే అది అనుమతించబడినది కూడా అవుతుంది. ఒక పని నిషిద్ధం కాకపోతే అది అనుమతించబడినది అవుతుంది. కాని అనుమతి నుండి విధికి దారి లేదు. "వెల్లడించడం నిషిద్ధం కాదు" అనే ఆధార వాక్యం నుండి "వెల్లడించడం విధి" అనే నిగమనానికి చేరాలంటే మరొక ఆధార వాక్యం కావాలి. ఉదాహరణకు "ముప్పును నివారించగలిగినవాడు నివారించి తీరాలి" అన్నటువంటిది. అది సూత్రంలో ఉంటే (ఈ) సరైనదయ్యేది. లేదు కనుక కాదు.

అదే తీరులో జరిగే మరొక పొరపాటు ఆవశ్యక నియమాన్ని పర్యాప్త నియమంగా పొరబడటం. ఏది లేనిదే పని జరగదో అది ఆవశ్యకం. ఏది ఉంటే చాలునో అది పర్యాప్తం. మన ప్రశ్నలో యువతికి ముప్పు ఉండటం వెల్లడికి ఆవశ్యకం. అంతమాత్రాన అది చాలదు. వెల్లడి అవసరమైనంత మేరకే ఉండాలి. రోగి తానే చెప్పడానికి సిద్ధపడి ఉంటే వైద్యుడు చెప్పవలసిన అవసరం లేకపోయేది. రోగి నిరాకరించాడన్న వివరం వాస్తవాలలో చేరడానికి కారణం ఇదే.

1998 నాటి తీర్పు

"మిస్టర్ ఎక్స్" వర్సెస్ "హాస్పిటల్ జెడ్" అనే పేరుతో ప్రసిద్ధమైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998 సెప్టెంబరు 21న తీర్పు చెప్పింది. వ్యక్తి పేరును, ఆసుపత్రి పేరును అక్షరాలతో సూచించడం కూడా గోప్యతను పాటించడంలో భాగమే. ఫిర్యాదుదారు స్వయంగా వైద్యుడు. 1995లో ఒక రోగి శస్త్రచికిత్స కోసం మద్రాసులోని (నేటి చెన్నై) ఆసుపత్రిలో రక్తదానం చేశాడు. ఆ రక్తాన్ని పరీక్షించినప్పుడు హెచ్.ఐ.వి. ఉన్నదని తేలింది. అప్పటికి కొద్దికాలం తరువాత అతనికి వివాహం నిశ్చయమైంది. విషయం అవతలి పక్షానికి తెలిసి వివాహం ఆగిపోయింది. సొంత ఊరిలో బహిష్కారం వంటి పరిస్థితి ఎదురై అతడు ఆ ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆసుపత్రి రహస్యాన్ని బయటపెట్టినందుకు నష్టపరిహారం కోరుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాడు. అక్కడ ఫిర్యాదు తిరస్కరించబడటంతో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు.

కోర్టు వాదనను మెట్లుమెట్లుగా విడదీసి చూడవచ్చు. వైద్యునికి గోప్యతను పాటించవలసిన బాధ్యత ఉంది. రాజ్యాంగం 21వ అధికరణం క్రింద రోగికి వ్యక్తిగత గోప్యతా హక్కు కూడా ఉంది. కాని ఆ హక్కు అపరిమితమైనది కాదు. అదే 21వ అధికరణం క్రింద ఆ యువతికి ఆరోగ్యంగా జీవించే హక్కు ఉంది. రెండు హక్కులు ఢీకొన్నప్పుడు ప్రజా నైతికతకు, ప్రజాహితానికి తోడ్పడే హక్కునే కోర్టు అమలుపరుస్తుంది. కావున యువతి రక్షణకు ఉపయోగపడిన వెల్లడి ఉల్లంఘన కాదు. ఇంతవరకు వాదన మన ప్రశ్నలోని (ఇ) సమాధానంతో సరిపోతుంది. హక్కుల తూకంతో ఎవరైనా విభేదించవచ్చు గాని, మెట్టుకు మెట్టుకు మధ్య ఖాళీ లేదు.

తీర్పు అక్కడితో ఆగలేదు. ప్రమాదకరమైన వ్యాధిని వ్యాపింపజేయడం భారత శిక్షాస్మృతి 269, 270 సెక్షన్ల క్రింద నేరమని గుర్తుచేసి, ఆసుపత్రి మౌనంగా ఉండి ఉంటే ఆ నేరంలో పాలుపంచుకున్నట్లు అయ్యేదని పేర్కొంది. (2024 జూలై 1 నుండి ఈ సెక్షన్ల స్థానంలో భారతీయ న్యాయ సంహిత 271, 272 సెక్షన్లు వచ్చాయి.) ఇది (ఈ) సమాధానానికి అతి సమీపంలో ఉన్న మాట. చెప్పినందుకు ఆసుపత్రి బాధ్యురాలా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న. చెప్పకుంటే బాధ్యురాలయ్యేదా అన్నది ఎవరూ అడగలేదు.

దానికంటే పెద్ద అంగ మరొకటి ఉంది. అటువంటి వ్యాధి నయమయ్యేవరకు ఆ వ్యక్తి వివాహ హక్కు "తాత్కాలికంగా నిలిపివేయబడిన హక్కు" అని, దానిని కోర్టుల ద్వారా అమలు చేయించుకోవడం కుదరదని తీర్పు చెప్పింది. హెచ్.ఐ.వి.ని పూర్తిగా నయంచేసే మందు అప్పుడు లేదు కనుక తాత్కాలికం అన్న మాటకు ఆచరణలో శాశ్వతం అనే అర్థం. ఈ మాట అతనొక్కనికే పరిమితం కాలేదు. దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తించే నియమంగా దీనిని అర్థం చేసుకున్నారు.

ఈ నిగమనం ముందరి మెట్ల నుండి రాదు. యువతికి తెలుసుకొనే హక్కు ఉన్నదని ఎందుకు అన్నారు? తెలిసిన మీదట వివాహం చేసుకోవాలా వద్దా అని ఆమె స్వయంగా నిర్ణయించుకోవడానికి. అయితే వివాహమే కుదరదని కోర్టు నిర్ణయించివేస్తే ఆమె నిర్ణయించుకోవడానికి మిగిలినదేమిటి? తెలిసి, ఆలోచించి, అంగీకరించే స్త్రీ లేదా పురుషుడు ఉండవచ్చునన్న సంగతిని ఈ వాదన పూర్తిగా విస్మరించింది. ఇద్దరికీ హెచ్.ఐ.వి. ఉన్న జంటలు కూడా ఉండవచ్చు. అంటే మొదటి భాగానికి ఆధారమైన కారణమే రెండవ భాగానికి అడ్డు వస్తున్నది.

2002 నాటి ఉత్తర్వు

ఈ విషయం మళ్ళీ కోర్టు ముందుకు రాగా, 2002 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తన మాటలను సరిదిద్దుకుంది. వివాహం చేసుకోదలచిన యువతి తరఫు వారికి విషయం తెలియజేయడానికి ఆసుపత్రికి గాని వైద్యునికి గాని వీలున్నదని, తెలుసుకొనే హక్కు ఆమెకు ఉన్నదని చెప్పిన భాగాన్ని నిలిపి ఉంచింది. దానితోనే వివాదం తేలిపోయినప్పుడు, అంతకు మించి హక్కులను, బాధ్యతలను గురించి సాధారణ ప్రకటనలు చేయవలసిన అవసరం లేకపోయిందని పేర్కొని, వివాహ హక్కుకు సంబంధించిన వ్యాఖ్యలను తొలగించింది.

రెండవ ఉత్తర్వు చూపినది కరుణ మాత్రమే అనుకోవడం సరికాదు. అది తార్కికమైన సవరణ కూడా. అడిగిన ప్రశ్నకు కావలసినంత మేరకే నిగమనం చేయాలన్న సూత్రాన్ని అది పాటించింది. "వెల్లడించడానికి వీలుంది" అన్న మాటను "వెల్లడించాలి" అనిగాని "వివాహం నిషిద్ధం" అనిగాని సాగదీయలేదు. ఈ నాలుగేళ్ళ వ్యవధిలో అటువంటి వారి వివాహ హక్కు చట్టం దృష్టిలో నిలిచిపోయి ఉన్నదన్న సంగతిని గమనిస్తే, ఒక మెట్టు ఎక్కువ దాటడం వలన కలిగే నష్టం పరీక్షలో పోయే మార్కు కంటె ఎంత పెద్దదో తెలుస్తుంది.

విధిగా మారిన సందర్భం

కొన్ని చోట్ల న్యాయస్థానాలు అనుమతితో సరిపెట్టక విధినే స్థాపించాయి. అమెరికాలోని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టారసాఫ్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందుతున్న ఒక విద్యార్థి, తనకు పరిచయమైన యువతిని చంపుతానని చికిత్సకునితో చెప్పాడు. చికిత్సకుడు విశ్వవిద్యాలయ పోలీసులకు తెలియజేశాడు. వారు అతనిని ప్రశ్నించి వదిలివేశారు. ఆ యువతికి గాని ఆమె కుటుంబానికి గాని ఎవరూ చెప్పలేదు. 1969 అక్టోబరులో అతడు ఆమెను హత్య చేశాడు. 1974లో కోర్టు హెచ్చరించవలసిన బాధ్యత ఉన్నదని చెప్పి, 1976లో పునర్విచారణ తరువాత దానిని రక్షణకు తగిన శ్రద్ధ తీసుకోవలసిన బాధ్యతగా మార్చింది. ఈ మార్పు చిన్నదిగా కనబడినా తర్కపరంగా ముఖ్యమైనది. హెచ్చరించడం రక్షణ మార్గాలలో ఒకటి. పోలీసులకు చెప్పడం, రోగిని ఆసుపత్రిలో ఉంచడం వంటివి ఇతర మార్గాలు. కాపాడటం విధి అయినంత మాత్రాన రహస్యాన్ని వెల్లడించడం ప్రతిసారీ విధి కాదు.

ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి విలియం క్లార్క్, గోప్యతకు హామీ లేకపోతే అవసరమైనవారు చికిత్సకు రారని, వచ్చినవారు మనసు విప్పి మాట్లాడరని, దానివలన హింస పెరిగే అవకాశమే ఉన్నదని వాదించాడు. ఇటువంటి వాదనే మరొక రకం తార్కిక ప్రశ్నకు ఆధారం అవుతుంది.

అంతర్లీన ఊహను కనిపెట్టే ప్రశ్న

వాదన: రహస్యం బయటపడుతుందని భయపడే రోగులు పరీక్షకు రారు. పరీక్షకు రానివారికి చికిత్స అందదు, వారి నుండి వ్యాధి మరింత వ్యాపిస్తుంది. కనుక భాగస్వామికి చెప్పడానికి వైద్యునికి అనుమతి ఇస్తే వ్యాధి వ్యాప్తి తగ్గకపోగా పెరుగుతుంది.

ఈ వాదన ఏ ఊహపై ఆధారపడి ఉంది?

(అ) ప్రతి రోగి రహస్యం బయటపడుతుందని భయపడతాడు.

(ఆ) అటువంటి అనుమతి ఉన్న సంగతి పరీక్షకు రావలసినవారిలో కొందరికైనా తెలుస్తుంది.

(ఇ) రోగికి నచ్చజెప్పి అతనిచేతనే చెప్పించడం వైద్యునికి సాధ్యం కాదు.

ఇటువంటి ప్రశ్నలకు వ్యతిరేక పరీక్ష ఉపయోగపడుతుంది. ఒక్కొక్క వాక్యాన్ని తిరగవేసి, అప్పుడు వాదన కూలిపోతుందా అని చూడాలి. (అ)ను తిరగవేస్తే "కొందరు రోగులు భయపడరు" అని వస్తుంది. మిగిలినవారు భయపడితే చాలు, వాదన నిలుస్తుంది. (ఇ)ను తిరగవేస్తే నచ్చజెప్పడం సాధ్యమే అని వస్తుంది. అయినా అనుమతి ఉన్నదన్న భయం రోగులను దూరం చేయవచ్చు, కనుక వాదనకు దెబ్బ తగలదు. (ఆ)ను తిరగవేస్తే అనుమతి సంగతి వారిలో ఎవరికీ తెలియదు అని వస్తుంది. తెలియనిదానికి భయపడి పరీక్ష మానుకొనేవారు ఉండరు. వాదన కూలిపోతుంది. కాబట్టి (ఆ) ఆవశ్యకమైన ఊహ.

అయితే (ఆ) నిజమైనంత మాత్రాన వాదన నెగ్గినట్లు కాదు. భయపడి రానివారి వలన పెరిగే వ్యాప్తి, చెప్పడం వలన తగ్గే వ్యాప్తి కంటె ఎక్కువగా ఉండాలి. అది తర్కంతో తేలేది కాదు, లెక్కించి చూడవలసినది.

2017 చట్టం

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో ఆమోదించబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దీని 9వ సెక్షన్‌ను తర్కశాస్త్ర అభ్యాసంగా చదవవచ్చు. భాగస్వామికి విషయం చెప్పే వీలు వైద్యునికి, కౌన్సెలర్‌కు మాత్రమే ఉంది. భాగస్వామికి వ్యాధి సోకే గణనీయమైన ముప్పు ఉన్నదని సహేతుకంగా నమ్మాలి, చెప్పమని రోగికి కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, రోగి చెప్పడని నిశ్చయం కలగాలి, తాను చెప్పబోతున్నట్లు రోగికి ముందుగా తెలియజేయాలి. ఈ నాలుగూ "మరియు" అనే మాటతో కలపబడ్డాయి. ఏ ఒక్కటి లోపించినా వీలు లేదు. నాలుగూ ఉన్నా చట్టం వాడిన మాట "చెప్పవచ్చు" అనే. చెప్పినందుకు గాని చెప్పనందుకు గాని వైద్యునిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పై ప్రశ్నలోని (ఈ) సమాధానానికి చట్టసభ ఇచ్చిన జవాబు ఇది.

స్త్రీల విషయంలో మరొక షరతు ఉంది. భర్తకు లేదా భాగస్వామికి తెలిస్తే ఆమెపై హింస జరుగుతుందని, ఆమెను విడిచివేస్తారని, లేదా ఆమెకు, ఆమె పిల్లలకు తీవ్రమైన కీడు కలుగుతుందని సహేతుకమైన అనుమానం ఉంటే చెప్పరాదు. అంటే అనుమతికి మినహాయింపుగా నిషేధం తిరిగి వస్తుంది. నియమం, దానికి మినహాయింపు, ఆ మినహాయింపుకు మరొక మినహాయింపు అని మూడు అంతస్తులుగా దీనిని చదవాలి.

"భాగస్వామి" అన్న పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనాన్ని కూడా గమనించాలి. వివాహమైన వ్యక్తి, వాస్తవంలో జీవిత భాగస్వామిగా ఉన్న వ్యక్తి, వివాహం వంటి సంబంధంలో ఉన్న వ్యక్తి దీని పరిధిలోకి వస్తారు. అక్షరార్థంగా తీసుకుంటే వివాహం నిశ్చయమైనంత మాత్రాన ఆ యువతి దీనిలోకి రాదు, ఆమె బంధువులు అసలే రారు. 1995 నాటి వాస్తవాలకు ఈ సెక్షన్‌ను మాత్రమే అన్వయిస్తే 1998 నాటి ఫలితం రాకపోవచ్చు. పరీక్షలలో ఇచ్చిన సూత్రాన్ని బట్టే సమాధానం చెప్పాలని, వెనుక విన్న తీర్పును బట్టి కాదని అధ్యాపకులు హెచ్చరించడం ఇందువలననే.

ఆధార వాక్యాలు కాలంతో పాటు మారడం కూడా ఉంటుంది. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుండి హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా అందించడం ప్రారంభించింది. చికిత్స వలన రక్తంలో వైరస్ కొలవలేనంత తక్కువ స్థాయికి చేరి, ఆ స్థాయిలోనే నిలిచిన వ్యక్తి నుండి లైంగిక సంపర్కం ద్వారా వ్యాధి సోకదని తరువాతి పరిశోధనలలో నిర్ధారణ అయింది. అటువంటి వ్యక్తి విషయంలో "గణనీయమైన ముప్పు" అన్న మొదటి షరతే నెరవేరదు. వాదన రూపం అదే అయినా ఫలితం మారిపోతుంది.

ఇతర సందర్భాలు

క్షయ వ్యాధిని కేంద్ర ప్రభుత్వం 2012 మే 7న ప్రకటిత వ్యాధిగా నిర్ణయించింది. ప్రైవేటు వైద్యులు కూడా ప్రతి క్షయ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక్కడ వెల్లడి అనుమతి కాదు, విధి. అయితే తెలియజేయవలసినది ప్రజారోగ్య అధికారులకే కాని ఇరుగుపొరుగు వారికి కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 23వ సెక్షన్ ఇతరులను హాని నుండి కాపాడటానికి వెల్లడిని అనుమతిస్తూ, గుర్తించిన హానిని నివారించడానికి అవసరమైన సమాచారాన్ని మాత్రమే ఇవ్వాలని పరిమితి విధించింది.

బాలలపై లైంగిక నేరాల నుండి రక్షణ చట్టం (పోక్సో, 2012) 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగినట్లు తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలియజేయాలి. వైద్యులకూ ఇది వర్తిస్తుంది. తెలియజేయనివారికి 21వ సెక్షన్ క్రింద శిక్ష ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని బాలిక తన ఇష్టంతోనే ఏర్పడిన సంబంధం వలన గర్భవతి అయి గర్భస్రావం కోసం వచ్చినప్పుడు కూడా ఈ విధి వర్తిస్తుంది. పోలీసుల భయంతో అటువంటి బాలికలు వైద్యుల వద్దకు రాక, అర్హత లేనివారిని ఆశ్రయించే ప్రమాదం ఏర్పడింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ చిక్కును విడదీస్తూ, బాలిక, ఆమె సంరక్షకులు కోరినట్లయితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరును, ఇతర వ్యక్తిగత వివరాలను వైద్యుడు వెల్లడించనవసరం లేదని తీర్పు చెప్పింది. తెలియజేయవలసిన విధి అలాగే ఉంది. ఎవరిని గురించి అన్నది మాత్రం వైద్యుని వద్దనే ఉండిపోతుంది.